మావకీ అయస్కాంతానికీ మూరెడు దూరం

మావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలచేత గాజుసామాను కడిగిస్తున్నాను. చేసింది మా అత్త. "ఒసే గుంటా, మీ మావ ఎళ్ళిపోనాడే" అంది. ఆ తర్వాత మాట లేదు, ఏడుపే. ఊపిరితిత్తులకి నెమ్ము పట్టి శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళి చూసి వచ్చాను కూడా. లాభం లేదన్న సంగతి డాక్టరు నా మొహం చూడకుండానే చెప్పాడు. అన్నీ తెలిసి కూడా, ఫోన్ పెట్టేయగానే నాకు తోచిన మొదటి ఆలోచన నెమ్ము గురించి కాదు. ఆయన మంచం దగ్గరికి ఎవరైనా అయస్కాంతం తెచ్చారేమో అని. కొన్నేళ్ళపాటు ఆ ఒక్క భయంతోనే పడుకుని, ఆ భయంతోనే లేచినదాన్ని. మనిషి పోయినా భయం నన్ను వెంటనే వదల్లేదు.

ఇది చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు కొందరైనా ఉంటారు. మొహం గుర్తులేకపోవచ్చు, గొంతు గుర్తుండే ఉంటుంది. మా అమ్మకి తమ్ముడు ఆయన. నరసన్నపేటలో ఇంటి ముందుగదిలోనే మైకుసెట్టు షాపు నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, అమ్మవారి సంబరమైనా, ఆయన బాక్సులే మోగేవి. మైకు సరిచూసుకోవడానికి అందరూ హలో హలో అంటారు. మావకి అది నచ్చేది కాదు. ఆ రోజు ఇంట్లో వండిన కూరేమిటో చెప్పేవాడు. "ఈయేళ మా ఇంట్లో గోంగూర రొయ్యలు. ఉప్పు కొంచెం తక్కువైనాది" అని నాలుగు హారన్లలోంచి ఊరంతా వినపడేది. ఇంటికొచ్చాక అత్త చేతిలో గరిట ఆడించేది. "నా వొంటకి సాటింపు ఏయించినావు గదా, ఇంక రేపట్నించి నువ్వే వొండుకో" అనేది. మర్నాడు మళ్ళీ ఆవిడే వండేది, ఆయన మళ్ళీ చెప్పేవాడు.

నేను చిన్నప్పటి నుంచి పిరికిదాన్ని. ఉరుముకి భయం, కుక్కకి భయం, మావ నిచ్చెనెక్కి కరెంటు స్తంభం పక్కన హారన్ కడుతుంటే భయం. కింద నిలబడి కళ్ళు మూసుకునేదాన్ని. "నువ్వు కళ్ళు మూసుకుంటే నాను పడకుండా ఉంటానేటే?" అని పైనుంచి నవ్వేవాడు.

అయస్కాంతాల సంగతి చెప్పాలి, లేకపోతే మావ సంగతి అర్థం కాదు. పాతకాలం స్పీకర్ల వెనకాల నల్లటి చక్రంలాంటి అయస్కాంతం ఉంటుంది. రాయిలా బరువు. ఆ బరువులు ఎత్తీ దించీ మావ మణికట్లు వాచిపోయేవి. ఒకసారి కొత్తరకం బాక్సులు తెప్పించాడు. బండి మీంచి దింపబోతే ఒంటిచేత్తో లేచొచ్చింది. లోపల సరుకు లేదు, మోసం చేశారని గుండె జారిపోయి అక్కడే విప్పి చూశాడు. నల్ల చక్రం ఉండాల్సిన చోట అరచేతిలో పట్టేంత, మధ్యలో చిల్లున్న తెల్లటి బిళ్ళ మెరుస్తోంది. స్క్రూడ్రైవర్ దగ్గరికి తీసుకెళ్తే చేతిలోంచి లాక్కుంది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "ఒసే, నువ్వు కెమిస్ట్రీ సదువుతన్నావు గదా. ఇదేటో సూడు బేగి వచ్చి. ఇంత బిళ్ళకి అంత బలమేటి?"

అది నియోడిమియం బిళ్ళ అని చెప్పాను. మావ ఆ పేరు పలకడానికి ఇష్టపడలేదు, చివరిదాకా తెల్లబిళ్ళ అనే అన్నాడు. కానీ అది ఏమిటో మొత్తం చెప్పించుకున్నాడు. నియోడిమియం వెండిలా తెల్లగా మెరిసే మెత్తటి లోహం. గాలి తగిలితే మెరుపు పోయి పొట్టు లేస్తుంది, అందుకని నూనెలో ఉంచుతారు. ఒక్కదాన్నే పట్టుకుంటే మన పనికొచ్చే అయస్కాంతం కాదు. ఇనుమూ, బోరాన్ అనే ఇంకో మూలకమూ కలిపి కరిగించి, పొడి చేసి, అదిమి కాలిస్తే మాత్రం మనిషి చేసిన శాశ్వత అయస్కాంతాల్లో అంత బలమైంది ఇంకోటి లేదు. తడికి తుప్పు పడుతుంది కాబట్టి పైన నికెల్ పూత పూస్తారు. ఇంత బలమున్నా పింగాణీ సాసరులా పగిలిపోతుంది.

పగలడం మావ తన కళ్ళతోనే చూశాడు. బల్లమీద దూరదూరంగా పెట్టిన రెండు బిళ్ళలు ఉన్నట్టుండి ఒకదానిమీద ఒకటి దూకాయి. మధ్యలో ఆయన చూపుడువేలు ఉంది. వేలు నల్లగా కమిలింది, బిళ్ళ అంచు విరిగి పెంకు ఎగిరి గోడకి తగిలింది. ఆ రోజు నుంచి షాపులో పని తీరే మారిపోయింది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య చెక్కముక్క. కళ్ళకి అద్దాలు. రెండు అంటుకుపోతే ఊడలాక్కోవడం నిషిద్ధం, బల్ల అంచుకి ఆనించి పక్కకి తోయాలి. "లాగితే రాదే. జరపాల" అనేవాడు. ఆ మాట ఆయన అన్నిటికీ వాడేవాడు. మా అమ్మా నేనూ పోట్లాడుకుంటే ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుని అదే మాట అనేవాడు.

ఒక ఆదివారం కళింగపట్నం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాడు నన్ను. మన తీరంలో నల్లటి ఇసక చారలు మీరు చూసే ఉంటారు. బిళ్ళని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ ఇసకలో దేకించాడు. కవరు నిండా నల్లటి మీసాల్లా లేచాయి. "ఇదేనా నీ నియో?" అన్నాడు మురిసిపోతూ. కాదు మావా, అంటుకున్నవి ఇనుము కలిసిన రేణువులు, నియోడిమియం ఉండేది ఈ ఇసకలోనే ఉండే ఇంకో పసుపుపచ్చ గింజలో, దాన్ని మోనజైట్ అంటారు అన్నాను. అందులో థోరియం కూడా ఉంటుంది, అది కిరణాలు వదుల్తుంది అని కూడా చెప్పాను. మావ అరచెయ్యి చూసుకుని, లుంగీకి తుడుచుకుని, మళ్ళీ చూసుకున్నాడు. "మన ఇసకలోనే ఇన్ని ఉన్నాయేటే. తెలీకుండా తొక్కుకుంటా తిరిగీసినాం" అన్నాడు. ఎన్నాళ్ళో నడిచినవాళ్ళు బాగానే ఉన్నారు కదా అని సర్దిచెప్పాను. సర్దిచెప్పానే కానీ ఇంటికొచ్చి కాళ్ళు సబ్బుతో కడుక్కున్నది నేనే.

తర్వాత భయపడడానికి అసలైన కారణమే దొరికింది.

మా స్నేహితురాలి చెల్లెలి పెళ్ళి. మావదే మైకు. పందిట్లో మేం కూర్చుని ఉండగా హారన్లలోంచి గొంతు వచ్చింది. "ఈయేళ మా ఇంట్లో" అన్నాడు. ఆగాడు. కూర పేరు రాలేదు. అందరం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. మైకు కింద పడ్డ చప్పుడు, వెనకాలే మనిషి పడ్డ చప్పుడు, నాలుగు వైపుల నుంచీ ఒక్కసారి పెద్దగా వినిపించాయి. ఊరు ఊరంతా విన్నది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించిందన్నారు విశాఖపట్నంలో. ఎడమవైపు మెడఎముక కింద చర్మం లోపల చిన్న మిషను పెట్టారు. పేస్‌మేకర్. గుండె వెనకబడినప్పుడల్లా అది తట్టి నడిపిస్తుంది. ఇంటికి పంపేముందు డాక్టరు మావనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. అత్త అప్పుడు కింద మందుల కొట్టు దగ్గర ఉంది. బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే మిషను ఆగిపోదు, కానీ గుండె మాట వినడం మానేస్తుంది. తన లెక్కలో తను కొట్టుకుంటూ పోతుంది. అయస్కాంతం దూరం జరిగితే మళ్ళీ మామూలవుతుంది. ఈలోపు తల తిరగొచ్చు, గుండె దడదడలాడొచ్చు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కావొచ్చు. మూరెడు దూరం లోపలికి రానివ్వకండి అన్నాడు. అని, అప్పుడు అడిగాడు. "మీరేం చేస్తుంటారు?"

మావ నా వైపు చూశాడు. మైకుసెట్టు అని నేనే చెప్పాను. డాక్టరు కలం పక్కన పెట్టేశాడు.

బయటికొచ్చాక వరండాలో మావ నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్తకి ఈ అయస్కాంతం గొడవ సెప్పకే. సెప్తే రేపే షాపుకి తాళమేసీస్తాది. తాళం ఏసినా ఊరుకోదు, నాను తుమ్మినా లేచి కూకుంటాది. బరువులెత్తొద్దన్నారనీ, సెల్లు ఎడమేపు ఎట్టుకోవొద్దన్నారనీ సెప్తాను. అంతే సాలు. ఈ సంగతి నాకూ నీకూ" అన్నాడు. ఆయన భార్య, ఆయన గుండె. నేను తలూపాను.

అప్పటినుంచి మావ చొక్కాలన్నిటికీ జేబు కుడివైపు. పొందూరు ఖద్దరు గుడ్డ తెచ్చి టైలరుకిచ్చి దగ్గరుండి కుట్టించుకున్నాడు. టైలరు అలవాటు కొద్దీ ఎడమవైపు కుట్టిన ఒక చొక్కాకి జేబు విప్పించేశాడు కూడా. ఫోను కుడిచెవికే. తెల్లబిళ్ళలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి షాపు మూలకి, మనిషి నడవని చోటికి తోయించాడు. స్పీకరు విప్పే పని షాపులో ఉన్న కుర్రాళ్ళకి వదిలేసి తను దూరంగా కుర్చీలో కూర్చుని, వెదురుబద్దతో చూపిస్తూ చెప్పేవాడు.

ఆయన అలా నిబ్బరంగా సర్దుకున్నాడు, నేను సర్దుకోలేకపోయాను. ఎటు చూసినా నాకు నియోడిమియమే కనిపించడం మొదలైంది. సెల్‌ఫోన్లో ఉంది, అది వణికే మోటార్లో ఉంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌లో ఉంది, వాటి డబ్బా మూతలో ఉంది. మా ఇంటాయన కొన్న కరెంటు స్కూటర్ చక్రంలో ఉంది. కరెంటు తక్కువ తింటుందని పెట్టించుకున్న కొత్త ఫ్యానులో ఉంది. గాలిమరల్లోనూ ఉంటుంది. గాలిమర పక్కన మావ నిలబడబోయేది ఎప్పుడూ లేదు, అయినా దానికీ భయపడ్డాను. నా హ్యాండ్‌బ్యాగు మూత టక్కున అంటుకునేది ఒకరోజు బస్సులో గుర్తొచ్చి, దిగాక బ్లేడుతో కోసి ఆ బిళ్ళ తీసి పారేశాను. బ్యాగు అప్పటినుంచి నోరు తెరుచుకునే ఉంది.

ఈ లోహం మంచిదే, బలం ఒక్కటే దాని గుణం కాదు అని మావకి ధైర్యం చెప్పడానికి ఒకసారి మా ల్యాబులో ఉన్న గాజుముక్క తీసుకెళ్ళాను. నియోడిమియం కలిపిన గాజు. ఎండలో పెడితే లేత ఊదా. ట్యూబ్‌లైటు కిందికి తెస్తే నీలం. మావ గడపలో నిలబడి లోపలికీ బయటికీ తిప్పి తిప్పి చూశాడు. పిల్లాడిలా సంబరపడతాడనుకున్నాను. గాజు నా చేతిలో పెట్టేసి, "ఎలుగుని బట్టి రంగు మార్సీవోడితో జాగర్తగా ఉండాలే" అన్నాడు. ధైర్యం చెప్పడానికి వెళ్ళి నేను ఇంకాస్త భయం మోసుకొచ్చాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత తల తిరగడం మొదలైంది. మధ్యాహ్నమైనా రాత్రయినా, భోజనం చేసి నడుం వాల్చినప్పుడే వచ్చేది. గుండె దడదడ, చెమటలు, కళ్ళు బైర్లు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గిపోయేది. అత్త బెదిరిపోయింది. గాలి సోకిందని ఒకరు, పడ్డచోట దిగదుడుపు చెయ్యలేదని ఒకరు చెబితే అన్నీ చేయించింది. శ్రీకూర్మం వెళ్ళి మొక్కుకొచ్చింది. నాకు ఫోన్ చేసి, "పడుకుంటే పేణం పోతన్నట్టుంటాదంటన్నాడే. పడుకోనియ్యడానికే బయమేస్తన్నాది" అని ఏడ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. మిషను పరీక్షించి లక్షణంగా ఉందన్నారు. అత్త బయట బెంచీ మీద ఉండగా, అయస్కాంతాలేమైనా అని డాక్టరు అడిగితే, డబ్బా ఇంటికి ఆ చివర ఉందండీ, నేను ముట్టుకోవడమే లేదు అన్నాడు మావ. అది నిజం. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆయన కుడిజేబులోని తాళాలు తడుముకుంటూనే ఉన్నాడు. మిషను బాగుంది, మనిషి బాగాలేడు, మరి కారణమేమిటి? కారణం తెలియని భయం ఎంత చెడ్డదో నాకు ఆ దార్లో తెలిసింది.

ఆ వారంలోనే ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. భోజనాలయ్యాయి. అత్త వంటింట్లో అంట్లు సర్దుతోంది. మావ పడుకోబోతూ, కుడిజేబులోంచి షాపు తాళాల గుత్తి తీసి మంచం మీదికి విసిరాడు. అది దిండు మీద పడి, జారాల్సింది పోయి, ఎడమ మూలకి దూకి అక్కడ అతుక్కుంది. మావ దిండుని ఒక్క చేత్తో ఎత్తి తిరగేశాడు. తాళాలు కింద పడలేదు. వేలాడుతున్నాయి.

ఆయన పడుకునేది ఎడమవైపు తిరిగి, దిండు మూలని భుజం కిందికి లాక్కుని. ఇన్నాళ్ళూ ఆ మిషనుకి జానెడు దూరం కూడా లేకుండా తెల్లబిళ్ళ ఉంది. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. మా వైపు బాలింత మంచం కింద, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళ తలగడ కింద ఇనుము పెడతారు. కొడవలో, మేకో. గాలీ ధూళీ దగ్గరికి రాదని నమ్మకం. మొదట కొడవలి పెట్టిన అత్తకి కొన్నాళ్ళకి ఉత్త ఇనుము చాలలేదు. ఇనుమునే లాగి పట్టుకునే బిళ్ళ అయితే పోయే ప్రాణాన్ని కూడా పట్టుకుంటుందనుకుంది. షాపు తుడవడానికి వెళ్ళి డబ్బాలోంచి ఒకటి తీసి, దిండులో గుండె ఉండే వైపు చూసి మరీ కుట్టేసింది.

నేను నోరు తెరవబోతే మావ వేలు అడ్డం పెట్టాడు. దిండుని నా చేతికిచ్చి, గోడ దాకా వెనక్కి జరిగి నిలబడ్డాడు. బ్లేడుతో కుట్టు విప్పి, బిళ్ళ తీసి, చెయ్యి బారుగా చాపి, గోడ దగ్గరున్న మావకి దూరంగా, దొడ్డిదారిన షాపులోకి పట్టుకెళ్ళి డబ్బాలో పడేశాను. తిరిగొచ్చేసరికి మావ చేతిలో ఒక ఇనప వాషరు ఉంది. అంతే వెడల్పు, ఇంచుమించు అంతే బరువు. దాన్ని దూదిలోకి దూర్చి, బాక్సుల రెక్సిన్ కుట్టే సూదితో దిండు మూల తనే కుట్టాడు.

"అత్తకి చెప్పు మావా, ఇప్పుడైనా" అన్నాను గుసగుసగా.

"దానికి ముందే సెప్పకపోడం నా తప్పు. ఇప్పుడు సెప్తే నా పేణం తియ్యబోయినానని అదింక బతకదే. నాకు తల తిరగడం ఈయేళతో తగ్గిపోతాది. దానికి బతికినంతకాలం తిరుగుతాది" అన్నాడు. సూది దారం తెంపి, దిండు తట్టి, దానిమీదే తల పెట్టుకుని పడుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని ఆయన ఛాతీ లేచి పడడం చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. గురక పెట్టాడు.

తల తిరగడం పోయింది. పోయాక వచ్చిన చిక్కు ఇంకోటి. తన బిళ్ళ పనిచేసిందని అత్త వీధి వీధంతా చెప్పింది. మొగుడికి గుండెదడ ఉన్నావిడా, కూతురు పురిటికొచ్చినావిడా షాపుకొచ్చి, ఆ తెల్లబిళ్ళ మాకూ ఒకటి ఇయ్యి బావా, అన్నా అని అడగడం మొదలెట్టారు. నాకు మళ్ళీ పై ప్రాణాలు పైనే పోయాయి. చంటిపిల్లలున్న ఇళ్ళకి ఈ బిళ్ళలు వెళ్ళడమేమిటి? చిన్నవి రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని పేగుకే చిల్లు పెడతాయి. మావ ఎవర్నీ కాదనలేదు. అడిగినవాళ్ళకల్లా పెద్ద సైజు ఇనప వాషరు ఒకటి ఎర్రగుడ్డలో బిగించి కుట్టి ఇచ్చాడు, విప్పితే గుణం పోతుందని చెప్పి. నరసన్నపేటలో ఇప్పటికీ కొన్ని తలగడల్లో అవి ఉండే ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే భయపడకండి, అది ఉత్త ఇనుమే.

తర్వాతి ఏళ్ళు మంచివి. కంటి శుక్లం ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళకి లోపలి పొర మసకేసిందని లేజరు కొట్టాలన్నారు. ఆ లేజరు పుట్టేది నియోడిమియం కలిపిన స్ఫటికంలోంచి అని నాకు తెలుసు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. ఆయన గడ్డం ఆనించే పలక దగ్గర ఆగిపోయాడు. ఇక్కడ అది అయస్కాంతం కాదు, వెలుగు మాత్రమే అని కంటి డాక్టరుతో కూడా చెప్పించాను. కూర్చున్నాడు కానీ కుడిచేత్తో నా కొంగు పట్టుకునే ఉన్నాడు. పని క్షణాల్లో అయిపోయింది. బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు అక్షరం వదలకుండా చదివాడు. "గుండెకి పగోడు. కంటికి సుట్టం. ఒక్కడే ఇలగ రెండిళ్ళలో రెండు రకాలుగా ఉంటాడేటే!" అన్నాడు. చాలా రోజుల తర్వాత మేమిద్దరం గట్టిగా నవ్వుకున్నాం.

ఆయన పోయింది నెమ్ముతోనే. చివరి ఊపిరి దాకా మిషను తన పని తను చేసిందని డాక్టరు చెప్పాడు. మంటలో పేలుతుంది కాబట్టి దహనానికి ముందు దాన్ని తీసేయాలన్నారు. తీసిన చోట కట్టిన చిన్న కట్టు మీద అత్త చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది.

పెద్దకర్మ నాడు మధ్యాహ్నం, భోజనాలకి ఇంకా విస్తళ్ళు వేయకముందు, అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మావ పక్కబట్టలు ఇచ్చేయాలి కదా, మూట కడుతోంది. దిండు మాత్రం ఒళ్ళో ఉంది. తలుపు వేయమంది.

"నాను సెయ్యాల్సింది సెయ్యనేదే" అంది. "హాస్పటల్లో ఈ దిండు ఎట్టనియ్యనేదు. బయటి దిండ్లు కుదరవని ఆ నర్సమ్మ ఎనక్కి ఇచ్చీసింది. నాను గట్టిగా అడగాల్సింది. కాళ్ళు అట్టుకోవాల్సింది. అన్నేళ్ళు కాసింది ఇదే గదా. ఇది తల కింద నేదు, ఆయన ఎళ్ళిపోనాడు. నానే పంపీసినాను."

నిజం చెబితే ఈ బాధ పోతుంది, దీనికన్నా పెద్దది వచ్చి కూర్చుంటుంది. మావ దాచింది ఆ పెద్దదాన్నే. చెప్పకపోతే ఈ మనిషి మిగిలిన రోజులన్నీ ఆ నర్సమ్మ ముందే నిలబడి ఉంటుంది. ఈలోపు అత్త బ్లేడు తీసి దిండు మూల కోసింది. "బిళ్ళ తీసి నీకిస్తాను. మీ ఇంటాయనకి బీపీ గదా" అంటూ దూదిలోకి వేళ్ళు దూర్చింది.

వాషరు ఆమె అరచేతిలోకి వచ్చింది. మసకబారిపోయి, అంచుల్లో తుప్పు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది. లేచి ఇనప బీరువా తలుపుకి పెట్టి వదిలింది. ఠంగుమని నేల మీద పడింది. ఒంగి తీసి, ఈసారి అదిమి పెట్టి, వేళ్ళు మెల్లిగా తీసింది. మళ్ళీ పడింది.

"పట్టడం నేదేటే? అప్పుడు ఊడదియ్యడానికి రెండు సేతులు సాలనేదు. ఇదేటయింది? నువ్వు సదువుకున్నావు గదా, దీని బలం ఎలగ పోయింది?"

ఆ అయస్కాంతం బలం మన మనవల కాలానికి కూడా తరగదు. క్లాసులో నేను చెప్పే పాఠమే అది. బాగా వేడెక్కితే తప్ప.

"వేడి తగిలితే పోతుంది అత్తా" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒంటి వేడి సరిపోదని మాత్రం అనలేదు.

అత్త నా వైపు తిరిగింది. నేను గోడకి ఆనుకున్నాను. ఆవిడ నా మొహంలో ఏం చదువుతుందోనని చచ్చేంత భయమేసింది.

"ఒంటి యేడి" అంది. "ఎప్పుడూ ఆ మూలకే ముడుసుకుని పడుకునీవోడు. బలమంతా మీ మావే లాగీసుకున్నాడన్నమాట." వాషరు తుప్పుని బొటనవేలితో రుద్దింది. "అయితే హాస్పటల్కి అట్టుకెళ్ళినా లాభం నేకపోయేది. అవునా?"

"లేకపోయేది" అన్నాను.

ఆవిడ గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలింది. మావ పోయాక ఆవిడ అలా ఊపిరి తీసుకోవడం అదే మొదటిసారి చూశాను. నాకిస్తానన్న బిళ్ళ నాకివ్వలేదు. కొంగు చివర ముడేసుకుని, ఆ కొంగు దోపుకుని, కళ్ళు తుడుచుకుని బయటికి నడిచింది.

పందిట్లో బంతి కూర్చుంది. ఎంత వద్దన్నా వినకుండా అత్తే అన్నం బకెట్టు అందుకుంది. వంగినప్పుడల్లా కొంగు జారి, ఆ ముడి బకెట్టుకి తగిలి ఠంగుమంటోంది. తగిలిన ప్రతిసారీ ఆవిడ గరిట ఆపి, ముడి వైపు చూస్తోంది, అంటుకుంటుందేమోనని. కొంగు మెల్లిగా ఊగి పక్కకి వచ్చేశాక, తర్వాతి విస్తరి దగ్గరికి జరుగుతోంది.